గంగులక్క కూర్చుని తిన్న పూట

ఈ ఉదయం మా హోటలు వంటింట్లో కొత్తగా చేరిన వంటతను టమోటాలను నేరుగా నిప్పుల మీద పెట్టి కాల్చాడు. తొక్క నల్లగా పగిలి, రసం బొగ్గుల మీద పడి చుయ్యిమనగానే లేచిన పుల్లటి పొగ భోజనాల హాలు దాకా వచ్చింది. బల్లల మీద పువ్వులు సర్దుతున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. మదనపల్లె బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు కింద, గంగులక్క ఊరిబిండి పచ్చడి నూరడానికి టమోటాలు కాల్చేటప్పుడు వచ్చే పొగ అది. ఆమె పోయి చాలా కాలమైంది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుండే మనిషి కాదు. పొట్టిగా, చామనఛాయగా, కొంగు నడుముకు దోపుకొని ఎప్పుడూ నడుస్తూనే కనబడేది.

తొంభైల మొదట్లో డిగ్రీ చదవడానికి శాంతిపురం పక్క పల్లె నుంచి మదనపల్లె వెళ్ళాను. హాస్టలు కూడు తినలేక గంగులక్క మెస్సులో మధ్యాహ్నం భోజనానికి కుదిరాను. ఆమె పుట్టిల్లు పుంగనూరు. పెళ్ళయి వచ్చిన ఏడాదే భర్త రెడ్డెప్ప ఈ మెస్సు పెట్టాడట. మేమంతా మామ అనే ఆయన గల్లాపెట్టె ముందు కుర్చీలో ఉండేవాడు. వంట, వడ్డన ఆమెవి. ఆకులు ఎత్తడానికి, అంట్లు తోమడానికి లక్ష్మి అనే సాయం మనిషి ఉండేది. అందరూ తిని వెళ్ళాక రెడ్డెప్ప, ఇద్దరు కొడుకులు తినేవాళ్ళు. పులుసు కాస్త పలచనైతే రెడ్డెప్ప కంచం ముందుకు తోసేవాడు. ఆమె మళ్ళీ పొయ్యి రాజేసేది. ఆ తర్వాత ఎప్పుడో, పొయ్యి పక్కన నిలబడి, అడుగంటిన గిన్నెలోంచే నాలుగు ముద్దలు నోట్లో వేసుకొనేది. నేను అక్కడ తిన్న మూడేళ్ళలో ఆమె కూర్చుని తినగా చూడలేదు. అది వింత అని కూడా అప్పుడు నాకు తోచలేదు. మా అమ్మా అంతే, మా అవ్వా అంతే.

సెలవుల్లో ఇంటికి పోబుద్ధి కాక ఆమెకు వడ్డనలో సాయపడేదాన్ని. మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "మొగం సూడొద్దు పాపా, సెయ్యి సూడు. మొగం అబద్ధం సెప్తాది. చాలు చాలు అంటానే ఉంటారు, ఆకు మింద సెయ్యి మాత్రం నిదానంగా తిరగతా ఉంటాది. అంటే ఇంగ కొంచెం కావాలని." ఆ తర్వాత నేను చదివిన హోటలు చదువులో అంతకు మించిన పాఠం ఒకటి ఉందని చెప్పలేను.

ఆ చదువుకు నేను బెంగుళూరు పోతానన్నప్పుడు మా నాయన ఒప్పుకోలేదు. కుప్పం నుంచి రైలెక్కి బెంగుళూరు పనులకు పోయే ఆడపిల్లలు మా ఊళ్ళో ఉన్నారు గానీ, హోటలు పని అనేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. నన్ను తిరిగి ఇంటికి తీసుకుపోవడానికి మెస్సుకు వచ్చి, "ఎంగిలాకులెత్తే పనికి నా కూతురు పోవాల్నా?" అని అందరి ముందూ అరిచాడు. గంగులక్క ఆయన ముందు ఆకు వేసి, నీళ్ళు చల్లి, అన్నం పెట్టింది. "తిను అన్నా, ముందు తిను. ఆకలితో ఉండే మనిషికి ఏ మాటా మంచిగ ఇనబడదు." ఆయన తినేదాకా ఆగి, అప్పుడు అంది. "కడుపు సూసి అన్నం పెట్టేది అందరికీ రాదు. నీ బిడ్డకు వస్తాది. పోనియ్యి." నాయన చెయ్యి కడుక్కొని ఒక్కడే బస్సెక్కాడు. నేను బెంగుళూరు వెళ్ళాను.

కొన్నేళ్ళకు కేరళలో, ఉప్పునీటి సరస్సు మధ్య ఒక దీవి మీద కట్టిన పెద్ద హోటల్లో నాకు ఉద్యోగమైంది. అతిథులను పడవలో తీసుకురావలసిందే. కొబ్బరిచెట్ల నడుమ చెక్క కుటీరాలు, ఒక్కో కుటీరం గుమ్మం ముందే నీళ్ళు. వానాకాలంలో అతిథులు తగ్గినప్పుడు ఉద్యోగులు తమ ఇళ్ళవాళ్ళను మూడు రోజులు పిలిపించుకొని అతిథుల లాగే ఉంచుకోవచ్చని అక్కడ ఒక పద్ధతి ఉండేది. నేను గంగులక్కను పిలిచాను. రెడ్డెప్పను ఎలా ఒప్పించిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. కుప్పంలో కన్యాకుమారి రైలెక్కి ఎర్నాకుళంలో దిగింది. చేతిసంచిలో మార్చుకునే చీరలకంటే నాకోసం తెచ్చిన ఊరిబిండే ఎక్కువ.

మొదటి రోజు ఆమెకు ఏమీ చేతకాలేదు. వచ్చిన రాత్రి తెల్లటి పరుపు మీద పడుకోకుండా పక్కన నేల మీద కొంగు పరుచుకొని పడుకుంది. గది ఊడ్చడానికి వచ్చిన అమ్మాయి కంటే ముందే లేచి దుప్పట్లన్నీ మడతపెట్టి, స్నానాలగది కడిగి ఉంచింది. "ఈడ వంటిల్లు యాడుండాది పాపా? ఉత్తినే కూసుంటే కాళ్ళు పీకతాండాయి" అని నన్ను అడిగింది. నేను నవ్వాను. గుమ్మం ముందు వాలుకుర్చీలో బలవంతంగా కూర్చోబెట్టాను. సాయంత్రం నా పని ముగించుకొని వచ్చి చూస్తే అక్కడే కూర్చుని ఉంది. నీళ్ళకేసి చూస్తూ, "సుట్టూ నీళ్ళే. ఎవురూ పిలవరు" అంది. అది సంతోషమో బెంగో ఆ గొంతులో నాకు తెలియలేదు.

రెండో రోజు సాయంత్రం ఆమెను అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళాను. అక్కడ పాత బంగళాలో నడిచే భోజనశాలకు జనం దూరదూరాల నుంచి వచ్చేవాళ్ళు. బల్లకు నాలుగంటే నాలుగు రకాలు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ నాలుగూ ఏవేవో మనమే చెప్పాలి. వడ్డించే పెద్దాయన నాకు తెలిసినవాడు. ఆమె వెనక్కు వెళ్ళి కుర్చీ జరిపి, కూర్చున్నాక ముందుకు నెట్టాడు. ఒళ్ళో ఇస్త్రీ గుడ్డ పరిచాడు. "అమ్మకు ఏమిష్టం?" అని అడగమన్నాడు. అడిగాను.

"నువ్వేం తింటే అదే."

"నా సంగతి కాదక్కా. నీకేమిష్టమో చెప్పమంటున్నాడు."

ఆమె వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. "మీ మామకు పులుసు సిక్కంగా ఉండాల. పెద్దోడికి ఎర్రగడ్డ పడదు. సిన్నోడికి పప్పులో నెయ్యి లేకుంటే ముద్ద దిగదు. దినామూ వచ్చే పోస్టాఫీసు సారు ఉప్పు తక్కువ తింటాడు." అలా చెప్పుకుంటూ పోయింది.

"నీకు?"

 పెద్దాయన తొందరేమీ లేదన్నట్టు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నేను అలవాటుగా ఆమె చెయ్యి చూశాను. బల్ల మీద బోర్లా పెట్టిన ఆ చెయ్యి కదలలేదు. ఎవరో కొట్టినట్టున్న ముఖంతో, మెల్లగా అంది. "తెలీదు పాపా. నాకేమిష్టమో నాకే తెలీదు."

నేనే ఏవో చెప్పాను. చేపలు, కొబ్బరిపాల కూర, చివర ఏదో తీపి వచ్చాయి. అన్నీ తింది. ఏదీ బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఖాళీ అయిన కంచం ఎత్తబోతే పెద్దాయన మెత్తగా ఆమె చెయ్యి ఆపి, తానే తీసుకెళ్ళాడు. అప్పుడు ఏడ్చింది. ఒళ్ళోని గుడ్డను ముఖానికి అద్దుకొని, శబ్దం లేకుండా, పడవ మమ్మల్ని తిరిగి దీవికి చేర్చేదాకా ఏడ్చింది. మూడో రోజంతా కుటీరంలోంచి బయటికి రాలేదు.

ఆమె మదనపల్లె చేరిన నెలలోపే లక్ష్మి ఫోను చేసింది. ఆరోజు మధ్యాహ్నం మెస్సు నిండా జనమట. అన్నం వార్చి, పులుసు దించి, ఊరిబిండి నూరిపెట్టి, గంగులక్క కొంగు నడుము నుంచి తీసి భుజం మీద వేసుకుందట. వచ్చి పోస్టాఫీసు సారు పక్కన బెంచీ మీద కూర్చుందట. తన ముందు తానే ఆకు వేసుకొని, నీళ్ళు చల్లుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకుందట.

"మొదట నవ్వినారక్కా అందరూ. తమాషా చేస్తాండాదని. తర్వాత ఎవురూ మాట్లాడలే. మామ గల్లా కాడ్నించి అరస్తానే ఉండాడు, లెయ్యి, లెయ్యి అని. ఆమె ఇనబడనట్టే కూసోనుండాది. ఆకు ఎండిపోయింది. ఎవురూ పెట్టలే."

"నువ్వు పెట్టలేదా లక్ష్మీ?"

"నేనెట్లా పెడతానక్కా? మామ సూస్తాండాడు కదా."

ఆమె మళ్ళీ పొయ్యి ముందుకు వెళ్ళలేదు. మెస్సు మూతపడింది. రెడ్డెప్ప నాకు ఫోను చేసి, "ఏం మందు పెట్టినావు నా పెండ్లానికి? బంగారట్లా ఉండేది" అన్నాడు. కొడుకులు డాక్టర్లకు చూపించారు. మాత్రలు ఇచ్చారు, ఆమె నిద్రపోయింది, లేచి మళ్ళీ కూర్చుంది. చివరికి తమ్ముడు వచ్చి పుంగనూరు తీసుకుపోయాడు.

నేను అక్కడికి వెళ్ళి చూశాను. చిక్కి సగమైంది. గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. తమ్ముడి భార్య మంచిది, తినమని బతిమాలుతుంది, వేళకు కంచం తెచ్చి ముందు పెడుతుంది. ఇప్పుడు వడ్డించేవాళ్ళు ఉన్నారు, ఆమెకే ఆకలి లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి నాకు చేతనైనవన్నీ చేశాను. కొంచెం కొంచెం వేసి ఒక్కొక్కటే ముందు పెట్టాను. దేని మీదా చెయ్యి నిలవలేదు.

"ఏదన్నా ఒకటి చెప్పక్కా. ఎక్కడున్నా తెచ్చి పెడతాను."

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. ఇంటికి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపుతున్నానే అన్న నొచ్చుకోలు మాత్రం ఉంది.

"నువ్వు బాధపడొద్దు పాపా. ఆ పొద్దు నువ్వు పిల్చుకపోయిన కాడ కూసోనుండి, నాకంటూ ఏమన్నా ఉండాదేమోనని లోపల ఎతికినా. అంతకుముందు ఎప్పుడూ ఎతకలే. ఏమీ దొరకలే. ఇంగా ఎతకతానే ఉండా."

ఆ చలికాలం దాటలేదు ఆమె.

తర్వాత నేను చాలా చోట్ల పనిచేశాను. ఇప్పటికీ భోజనాల హాల్లో ఎవరో ఒక ఆడమనిషి, నడివయసుది, వంటకాల పట్టీ తెరవకుండానే భర్త వైపు జరిపి, "మీరే చెప్పండి" అంటుంది. మీకేం ఇష్టమండీ అని అడగడం నా ఉద్యోగం. ఆ మాట నోటిదాకా వస్తుంది. ఆమె ముఖంలో నవ్వు చెక్కుచెదరకుండా ఉంటుంది. నేను అక్కడ నిలబడి ఉంటాను. అడగాలో, ఆ నవ్వును అలాగే వదిలేసి పోవాలో, ఇన్నేళ్ళయినా నాకు తెలియదు.