గుట్టకు రెండు ఫ్రేములు

మా వంటింట్లో లవంగాలు పోసుకునే డబ్బా ఒకటుంది. బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికి బూడిదరంగు మూత. మూత తీస్తే 'టప్'మని ఒక చప్పుడు, వెంటనే లవంగాల ఘాటు, ఆ ఘాటు కింద ఎన్నేళ్ళయినా వదలని పాత ఫిల్ము వాసన. ఇంట్లో ఎవరికీ ఆ రెండో వాసన తెలియదు. అంతా నీ భ్రమ అంటారు. నేను వాదించను. ఆ చప్పుడు విన్నప్పుడల్లా చేతిలో పని ఆగిపోయి, కూరలో లవంగాలు రెండు ఎక్కువ పడితే మాత్రం నన్నేమీ అనొద్దని చెప్పి పెట్టాను. ఆ డబ్బా దస్తగిరన్నది.

దస్తగిరన్న ముదిగుబ్బ బస్టాండు ఎదురుగా ఫోటో స్టూడియో నడిపేవాడు. తొంభైల చివర్లో నేను అక్కడ పనికి చేరాను. మా నాయనకు గొర్రెలుండేవి. నాకు గొర్రెలు కాయడం వచ్చు, ఇంటర్ పాసవడం వచ్చు. ఆ రెంటిలో దేనికీ ఉద్యోగం దొరకలేదు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ఆడవాళ్ళ పైట సర్దడానికి ఒక ఆడమనిషి కావాలని ఆయన వెతుకుతున్నాడని తెలిసి వెళ్ళాను. ఆయనకప్పటికి యాభై దాటాయి. సన్నటి మనిషి, తలలో సగం తెలుపు, చొక్కా జేబులో ఎప్పుడూ లెన్సు తుడుచుకునే మెత్తటి గుడ్డ. మొదటిరోజే నాకు ఫిల్ము ఎక్కించడం నేర్పాడు. రోలు మీద ముప్పైయారు అని రాసి ఉంటుంది. ఎండలో ఆదరాబాదరాగా ఎక్కిస్తే ముప్పైయారే వస్తాయి, మహా అయితే ఇంకొకటి. నీడలో కూర్చుని, ఫిల్ము మొనను కెమెరాలోని పళ్ళచక్రానికి తగిలేంత మాత్రమే లాగి ఎక్కిస్తే ముప్పై ఎనిమిది వస్తాయి.

"ముప్పైయారు పెండ్లోళ్ళవి పాపా. పైన రెండూ గుట్టవి. వాళ్ళవి మనం తినగూడదు, గుట్టవి వాళ్ళకు ఇయ్యగూడదు" అన్నాడు.

గుట్ట అంటే ఊరికి నాలుగు మైళ్ళ దూరంలోని బోడిగుట్ట. ఫారెస్టు వాళ్ళు చుట్టూ రాళ్ళు పాతి, రిజర్వు అడవి అని బోర్డు పెట్టారు. అడవి ఎక్కడుందని కొత్తవాళ్ళు బోర్డును చూసి నవ్వేవారు. ముళ్ళకంపలు, జిల్లేళ్ళు, తంగేడు, సన్నటి వాగులాంటి వంక పొడవునా కానుగ చెట్లు, అంతే. కానీ ఆ వంకలో ఒకచోట బండ కింద ఎండాకాలం కూడా ఆరని చెమ్మ ఉండేది. మా సీమలో వసంతమంటే ఎన్నో రోజులు ఉండదు. వేపపూత వాసన పది దినాలు వస్తుంది, కానుగ కొత్తాకు మెరుస్తుంది, ఆ తర్వాత ఎండ వచ్చి కూర్చుంటుంది. ఆ పది దినాల్లో సీతాకోకచిలుకలన్నీ ఆ చెమ్మ మీదికి దిగేవి. పెళ్ళి రోల్లో మిగిలిన రెండు ఫ్రేములు పట్టుకుని దస్తగిరన్న ఆదివారం తెల్లవారగానే అక్కడికి బయలుదేరేవాడు. అందాకా ఆ రోలు అనంతపురం ల్యాబుకు పోయేది కాదు. ఫోటోల కోసం వచ్చిన పెళ్ళివాళ్ళతో, "ఇంగా రెండు మిగిలిండాయప్పా, ఆదివారం అయిపోతాయి" అనేవాడు. ఒకసారి ఒక పెద్దాయన, "మా పెండ్లి అయిపోయి వారమాయ గదప్పా, ఇంగ మిగిలిండేది ఎవురి పెండ్లి?" అని అడిగితే నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయాను.

మూడో వారమో నాలుగో వారమో నన్నూ తీసుకుపోయాడు. పొద్దు ఎక్కక ముందే పోవాలి, చలికి రెక్కలు ఇంకా బిగుసుకుని ఉంటాయి అన్నాడు. మన నీడ దాని మీద పడకూడదు. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు ఊపిరి కూడా మెల్లగా వదలాలి. దగ్గరి ఫోటోలకు పెద్ద లెన్సులు కొనే స్తోమత ఆయనకు లేదు. ఉన్న లెన్సునే ఊడదీసి, తిరగేసి కెమెరాకు ఆనించి చేత్తో పట్టుకునేవాడు. అట్లా పట్టుకుంటే తిప్పడానికి ఏమీ ఉండదు. మనిషే ఇంత ముందుకు, ఇంత వెనక్కు ఊగుతూ, బొమ్మ తేటపడిన క్షణాన నొక్కాలి. పురుగు తలమీది మీసాలు, వాటి కొసనుండే చిన్న గుండుతో సహా, వెంట్రుకల్లా విడివిడిగా కనిపిస్తే తేటపడినట్టు. పుస్తకంలో పేర్లు మా ఇద్దరికీ తెలియవు. చెమ్మ మీద వరుసగా వాలే పసుపుపచ్చవాటిని ఆయన బడిపిల్లోళ్ళు అనేవాడు. నల్లరెక్కలూ ఎర్రటి ఒళ్ళూ ఉన్న పెద్దదాని పేరు జమాదారు, కలెక్టరాఫీసు జమాదార్ల ఎర్రపట్టీని బట్టి పెట్టాడు. జమాదారు గుడ్లు ఎక్కడ పెడుతుందో ఆయనకు ఎన్నేళ్ళుగానో అంతుబట్టలేదు. నాకు ఒక్కరోజులో తెలిసిపోయింది. గొర్రెలు ముట్టని ఆకు గాడిదగడపాకు. కంపు కొడుతుంది, చేదు. వంకలో దాని మీద నల్లటి గొంగళిపురుగులుండేవని చిన్నప్పటి నుంచీ నాకు ఎరుకే. చూపిస్తే ఆయన నేలమీద బోర్లా పడుకుని చాలాసేపు లేవలేదు. "ఇన్నేండ్లు ఆకాశంలో ఎతికినా పాపా. నువ్వు గొర్రెల ఎనకాల నేర్చుకున్నావు" అన్నాడు. నా చదువు గురించి ఎవరైనా ఒక మంచిమాట అనడం అదే మొదలు.

రెండో ఏడు వసంతానికి కెమెరా నా చేతికిచ్చి తాను పక్కన కూర్చునేవాడు. నేను కన్ను ఆనించి ఊగుతూ ఉంటే, పక్కనుంచి ఒకటే ప్రశ్న. "మీసాలు కనపడతాండాయా పాపా?" కనపడుతున్నాయంటే, "ఎన్ని?" రెండంటే, "కొసన గుండు ఉండాదా?" ఉందంటే, "కొట్టు." స్టూడియోలో కూడా ప్రింట్లు నాకిచ్చి ఎట్లా ఉన్నాయో చెప్పమనేవాడు. నన్ను పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. ఇంటర్ పరీక్షలు ముగిసినా ఈ పరీక్ష ముగియదేమని లోలోపల విసుక్కున్నాను కూడా. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఆ వసంతంలోనే నేను గాడిదగడపాకు పక్కన ఒక ఎండుపుల్లకు వేలాడుతున్న జమాదారు గూడును చూశాను. గూడు లోంచి అది బయటపడే ఫోటో ఆయన జీవితంలో ఒక్కటైనా తీయాలనుకున్నాడు. నల్లబడిందంటే మర్నాడు పొద్దున్నే బయటికొస్తుంది. అది నల్లబడిన శనివారంనాడే నల్లమాడలో మాకు పెళ్ళి ఉంది. సుజాత అనే అమ్మాయి పెళ్ళి, వేరుశనగ రైతు కూతురు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. ముహూర్తం రోలును ఎప్పుడూ ఆయనే ఎక్కించేవాడు. ఆరోజు మాత్రం నన్ను ఎక్కించమన్నాడు. పందిట్లో అందరూ తొందరపెడుతుంటే నేను ఎండలో నిలబడి ఎక్కించాను, మొన రెండువేళ్ళంత ఎక్కువ లాగేశాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. అలంకరణ దగ్గర్నుంచి తాళి, తలంబ్రాల దాకా ఆయనే తీశాడు. సాయంత్రం కెమెరా నాకిచ్చి, "రేపు గుట్టకు నువ్వే పో. నాకు ఒళ్ళు బాగలేదు. రెండుండాయి, జాగ్రత్త" అన్నాడు.

ఆదివారం పొద్దున్న గూడు పగిలింది. జమాదారు నలిగిన గుడ్డపేలికలా బయటపడి, పుల్లను పట్టుకుని, రెక్కలు మెల్లమెల్లగా విప్పుకుంటోంది. నేను నొక్కాను. ఫిల్మును ముందుకు జరిపే లివరు తిప్పబోతే కదలలేదు. ఇంకొకటి ఉండాలి కదా అనుకున్నాను. ఆయన లెక్కలో ఎప్పుడూ ఉంటుంది. గట్టిగా తిప్పాను. లోపల ఏదో తెగినట్టయి, లివరు తేలిగ్గా తిరిగింది. ఫిల్ము కొస, అది చుట్టుకుని ఉండే రేకు డబ్బీ నుంచి ఊడిపోయింది. ఇక వెనక్కు చుట్టడం కుదరదు. చీకటిగదికి తెచ్చి విప్పాల్సిన పని అది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నా కళ్ళముందు రెక్కలు విప్పుకుంటోంది, కొత్త రోలు నా సంచిలో ఉంది, స్టూడియోకు పోయి వస్తే అది ఎగిరిపోతుంది. అవతల గట్టు మీద మా ఊరి మల్లప్ప మామ గొర్రెలు మేపుతున్నాడు. పరుగెత్తి ఆయన కంబళి అడిగాను. కంబళి కప్పుకుంటే లోపల కన్ను పొడుచుకున్నా కానరాదని గొర్రెలవాళ్ళ పిల్లగా నాకు గట్టి నమ్మకం. రెండు మడతలు వేసి, కెమెరాను దాని కిందికి దూర్చి, తడుముకుంటూ మూత తెరిచి, ఫిల్మును చేత్తో చుట్టి ఈ నల్లడబ్బాలో పెట్టి మూత నొక్కాను. మల్లప్ప మామ, "ఏందమ్మీ, కోడి గుడ్లు పొదిగినట్ల కుచ్చున్యావు?" అన్నాడు. కొత్త రోలు ఎక్కించుకుని వచ్చేసరికి పుల్ల మీద ఖాళీ గూడు మాత్రం ఉంది.

ఆ సాయంత్రమే దస్తగిరన్నకు అంతా చెప్పాను. ఎండలో ఎక్కించడం కూడా చెప్పాను. "రానీ, చూద్దాం" అన్నాడంతే. మూడోరోజు బస్సులో ల్యాబు కవరు వచ్చింది. కంబళి నేతలో కంతలుంటాయి. రాత్రి చలికి పనికొచ్చే చీకటి వేరు, ఫిల్ముకు కావలసిన చీకటి వేరు. చుట్టలో పైపొరలు, అంటే చివర తీసినవన్నీ, ఎండ తగిలి నల్లగా మాడిపోయాయి. తాళి పోయింది. తలంబ్రాలు పోయాయి. జమాదారూ పోయింది. లోపలి పొరల్లో ఉన్న అలంకరణ ఫోటోలు పద్నాలుగు బతికాయి. ఆయన వాటిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి నాకిచ్చాడు.

"ఇవన్నా బాగుండాయా పాపా?"

చూశాను. పద్నాలుగింటిలోనూ పెళ్ళికూతురి మొఖం మసకగా ఉంది. ఆమె వెనక గోడకు కట్టిన అరటాకుల ఈనెలు మాత్రం లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి. అవి ఆయన తీసినవి. ఆ వసంతమంతా గుట్ట మీద ఆయన అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మీసాలు కనపడతాండాయా, ఎన్ని, కొసన గుండు ఉండాదా. అవేవీ పరీక్షలు కావు. ఆయనకు నిజంగా కనపడక అడిగాడు. నేను జవాబు చెప్పకపోవడమే జవాబైంది. ఆయన ప్రింట్లు కవర్లో పెట్టి, "రేపు నల్లమాడకు పోదాం" అన్నాడు.

నేనే తప్పు ఒప్పుకోవాలని బస్సులో మనసు గట్టి చేసుకున్నాను. పెళ్ళివారింటి వసారాలో సుజాత నాయన కూర్చుని ఉన్నాడు. గడప దగ్గర సుజాత నిలబడి ఉంది, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. నేను నోరు తెరిచేలోపలే దస్తగిరన్న మొదలుపెట్టాడు.

"అప్పా, నాకు కండ్లు సరిగా ఆనవు. సంవత్సరమాయ. ఆ మాట దాచిపెట్టి మీ పెండ్లి ఒప్పుకున్నా. తాళి ఫోటో ల్యాదు. తప్పు నాది."

"కండ్లు ఆననోనివి కెమెరా యాల పట్టుకున్యావప్పా?" సుజాత నాయన లేచి నిలబడ్డాడు. "మళ్ళా కట్టిచ్చి తీద్దామంటే అయ్యే పనా? తాళి ఒగసారే గదా కట్టేది."

"అన్నా, అది..." అని నేను అనబోతే దస్తగిరన్న నా వైపు చూడకుండానే, "పాపకేం తెలీదు" అన్నాడు. సుజాత కవర్లోంచి ఒక ఫోటో తీసి తన మసక మొఖాన్ని చాలాసేపు చూసుకుంది. కవరు గడప మీద పెట్టి లోపలికి పోయింది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

తిరుగు బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. కదిరి దాటాక అడిగాను, ఎందుకట్లా చెప్పినావని.

"అబద్ధమేం చెప్పల్యా గదా" అన్నాడు. "నీ తప్పు ఒగ రోలు పాపా. నాది ఒగ సంవత్సరం. ఎన్ని పెండ్లిండ్లు మసక తీసినానో ఏమో. ఎట్లా చెప్పల్లో తెలీక నీ కండ్లను అడ్డం పెట్టుకోని తిరిగినా. ఈపొద్దు దోవ దొరికింది."

ఆ మాట మండలమంతా పాకింది. ఆయన్ను మళ్ళీ ఎవరూ పెళ్ళికి పిలవలేదు, నన్ను పిలిచారు. ఆడమనిషి ఫోటోలు తీయడమేమిటని మొదట గొణిగినవాళ్ళే, పెళ్ళికూతుళ్ళు బెదరకుండా నవ్వుతున్నారని తర్వాత మెచ్చుకున్నారు. ఆయన గల్లా దగ్గర కూర్చునేవాడు. వేపపూత రాగానే మాత్రం నా భుజం పట్టుకుని గుట్టకు వచ్చేవాడు. బండ మీద కూర్చుని, "జమాదారు డ్యూటీకి వచ్చినాడా?" అని అడిగేవాడు. వచ్చాడంటే ఎట్లా ఉన్నాడో మొత్తం చెప్పాలి, ఏ రెక్క చిరిగిందో, ఏ పూవు మీద ఉన్నాడో, ఎండ ఏ పక్కనుంచి పడుతోందో. నోటితో చెప్పడానికి చూసినంత బాగా నేను ఇంకెప్పుడూ చూడలేదు. గూడు లోంచి బయటపడే ఫోటో నాలుగేళ్ళ తర్వాత తీశాను. ప్రింటు ఆయన చేతిలో పెట్టి చెబితే, వేలితో దాని అంచులన్నీ తడిమాడు. ఆ తర్వాత రెండు వసంతాలే ఉన్నాడు.

మొన్న మాఘంలో సుజాత మా స్టూడియోకు వచ్చింది. జుట్టు నెరిసింది, నేను మొదట పోల్చుకోలేదు. కూతురి పెళ్ళి, ఫోటోలు నువ్వే తీయాలంది. అంతవరకు దాచుకున్నది ఇక నావల్ల కాలేదు. ఎండలో ఎక్కించిన రోలు, లివరు, కంబళి, అన్నీ చెప్పేశాను. ఆమె ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

"ఆ పొద్దు మా నాయన ఆయప్పను ఎంతెంత మాటలన్యాడు" అంది. "నువ్వు పక్కనే నిలబడుకోని ఉంటివి గదా."

"ఉంటిని" అన్నాను.

లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. చెంగుతో మొఖం తుడుచుకుని, "అట్లయితే మా పాప పెండ్లిలో తాళి ఫోటో రెండు తీయి. ఒగటి నాది" అంది.

తీశాను. ఇప్పుడు రోళ్ళు లేవు, కార్డులో వేల ఫోటోలు పడతాయి, మిగలడమంటూ ఉండదు. అయినా ప్రతి పెళ్ళి కార్డులో చివరి రెండూ గుట్టవే, అవి తీసేదాకా కార్డు ఎవరికీ ఇవ్వను. సుజాత కూతురి మెడలో ముడి పడేటప్పుడు నేను కన్ను ఆనించి, అలవాటుగా కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు ఊగాను. మేళం హోరులో కూడా పక్కనుంచి ఆ గొంతు వినపడింది. మీసాలు కనపడతాండాయా పాపా? కనపడతాండాయన్నా అని పైకే అన్నాను. పక్కనున్న పురోహితుడు నా వైపు వింతగా చూశాడు. ఆ అమ్మాయి కనురెప్పల మీద పడిన అక్షింత గింజ కూడా విడిగా కనిపించాకే నొక్కాను, రెండుసార్లు.