పోయే నీళ్ల లెక్క

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలంలో, మాదన్నపేటలోని ఒక అద్దకం కార్ఖానాకు కాస్ట్ అకౌంటెంట్‌గా వెళ్లాను. ఏ సరుకు తయారీకి ఎంత ఖర్చు పడుతుందో తేల్చడం నా పని. అప్పటికి కార్ఖానా బోరు ఎండిపోయింది. రోజుకు రెండు ట్యాంకర్ల నీళ్లే దిక్కు. వాటితో ఎర్ర దుపట్టాలు అద్దాలా, పసుపువి అద్దాలా అన్నది యజమాని సేటు నన్నడిగిన ప్రశ్న.

మీటరు గుడ్డకు మిగిలే లాభం చూసి సేటు ఎరుపే అన్నాడు. ఏది కొరతగా ఉందో దాని మీదే మిగులును కొలవాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. కాబట్టి నేను ట్యాంకరుకు ఎంత మిగులుతుందో లెక్క కట్టాను. ఎర్ర గుడ్డను ఎక్కువసార్లు జాడించాలి, నీళ్లు బాగా తాగుతుంది. అయినా కొద్ది తేడాతో ఎరుపే గెలిచింది. ఆ కాగితం చూసుకుని తెగ మురిసిపోయాను.

దాన్ని చంద్రమ్మ ఒక్క మాటతో తీసిపారేసింది. వాడిన నీళ్లను మోరీలోకి వదిలేముందు సున్నం, పటిక కలిపి తేటపరిచే తొట్టిని చూసుకునేది ఆమే.

“సారూ, వచ్చే నీళ్లకు లెక్క రాసిర్రు. పోయే నీళ్లకు ఎవ్వరు రాస్తరు? పసుపు నీళ్లకు తట్టెడు సున్నం సాలు. ఎర్రకు బస్తా గావాలె.”

ఆ సున్నాన్ని నేను సాధారణ ఖర్చుల్లో వేసి, అన్ని రంగులకూ సమానంగా పంచేశాను. మావాళ్లందరూ చేసే పనే, అయినా సిగ్గేసింది. మూడు రోజులు తొట్టి దగ్గరే కూర్చుని, ఏ రంగుకు ఎంత పడుతుందో విడిగా రాసుకున్నాను. ఎరుపు కిందికి పడిపోయింది.

సేటు కాగితం తిప్పి తిప్పి చూశాడు. “గట్లయితే సున్నం బంద్ చేద్దాం. ఎరుపు మల్లా పైకొస్తది గదా?”

లెక్క ప్రకారం అతని మాట నిజమే. ఆ దారి చూపించింది నా కాగితమే. చంద్రమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా వింటోంది.

చంద్రమ్మ ఇల్లు వెనక గల్లీలో, ఆ మోరీ పక్కనే. గల్లీ మొత్తానికి తాగడానికి ఒకటే బోరు, అదీ మోరీ పక్కదే. మా ట్యాంకర్ వచ్చేదీ ఆ గల్లీలోంచే. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని నెమ్మదిగా అంది: “సేటూ, మా బోరు ఖరాబైన దినం మీ ట్యాంకర్ మా గల్లీ దాటది. నౌకరీ పోతే పోనీ, ఫికర్ లేదు.”

ఫికర్ లేదన్నది అబద్ధం. ఆ జీతం మీదే ఆమె ఇల్లు నడుస్తుందని నాకు తెలుసు.

నేను కాగితం మళ్లీ ముందుకు లాక్కుని, సున్నం లేని ఎరుపు కింద ఇంకో వరస రాశాను: రోజుకు వచ్చే ట్యాంకర్లు, ఒక్కటీ లేదు. సేటు ఆ వరస మీద వేలు పెట్టి చదివాడు. తర్వాత పసుపే వెయ్యమన్నాడు. చంద్రమ్మను చూడకుండానే, తొట్టి దగ్గరికి పొమ్మన్నాడు.

అప్పటినుంచి ఏ కార్ఖానాకు వెళ్లినా పుస్తకాలు తెరిచేముందు వెనక గోడ అవతలికి వెళ్లి, మోరీ ఎటు పోతుందో చూసేవాణ్ని. నేను రాయకుండా వదిలేసిన ఖర్చును మోసేవాళ్లు అక్కడే ఉంటారు.