మొలల మందుకు రెండుసార్లు డబ్బు కట్టినవారికి

మా మామ లుబ్బర్ట్ వీనింగ అంత నిజాయితీపరుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకొకడు ఉండడు. ఇది పొగడ్త కాదు, నా మొర. అలాంటి మనిషితో వేగినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది.

ఊరికి తూర్పున, ట్రాము స్టాపు ఎదురుగా ఆయన మందుల కొట్టు. డాక్టరు చీటీ అక్కర్లేని సరుకే అంతా: దగ్గు బిళ్లలు, ఆనెలకు పట్టీలు, కట్టుడు పళ్లు కడిగే పొడి, హెర్నియా బెల్టులు. చిల్లర మరిచిపోయినవాళ్ల వెంట వానలో సైకిలేసుకుని కాలువ వంతెన దాకా పోయి, ఐదు సెంట్ల బిళ్ల చేతిలో పెట్టి, తడిసి వచ్చి తుమ్ముతూ కూర్చునేవాడు. ఎవరైనా సిగ్గుపడుతూ ఏదైనా అడిగితే ముఖం ఎత్తేవాడు కాదు. తల వంచుకునే గోధుమరంగు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఎవరేం కొన్నారో మా అత్తకు కూడా ఏనాడూ చెప్పలేదట. కబుర్లకు మొహం వాచిపోయి ఆవిడ తిట్టుకునేదని నా భార్య హిల్కె అంటుంది.

తొంభై ఐదులో నేనొక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. కంప్యూటర్లో ఉండే డబ్బు మా సరుకు. దాని మీద బ్యాంకు ముద్ర ఉంటుంది, కానీ ఏ నాణెం ఎవరి చేతికి వెళ్లిందో ఆ బ్యాంకుకే తెలియదు. లెక్కల్లో అలాంటి మెలిక పెట్టాం. జేబులో నోటు ఎలాగో ఇదీ అలాగే. కట్టినవాడు తనంతట తాను బయటపడితే తప్ప ఎవరికీ తెలియదు. ఒక పెద్ద బ్యాంకు దీన్ని తీసుకుంటే మా పదిమంది ఉద్యోగాలు నిలుస్తాయి, లేకపోతే ఆఫీసుకు తాళమే. ఒక నిజమైన కొట్టులో కొన్నాళ్లు నడిపి చూపించండి అంది బ్యాంకు. నా బుద్ధి గడ్డి తిని మామ కొట్టు చూపించాను.

“ఈ డబ్బేదీ, చూపించు,” అన్నాడాయన.

“కనపడదు మామయ్యా. కంప్యూటర్లో ఉంటుంది.”

“కనపడకపోతే దొంగదో మంచిదో ఎలా చూస్తానయ్యా?”

“అది కంప్యూటరే చూసుకుంటుంది.”

“మరి నేనేం చూడాలి, దాని మొహమా?”

ఎలాగో ఒప్పించాను. ఇంట్లో కూర్చుని డబ్బు పంపినవాళ్లకు ఒక నంబరు వస్తుంది. వాళ్లు గానీ, వాళ్లు పంపిన మనిషి గానీ వచ్చి ఆ నంబరు చెప్పి పొట్లం తీసుకుపోవాలి. అంతా సాఫీగానే నడుస్తుండగా ఒక మంగళవారం సాయంత్రం మామ ఫోను చేశాడు.

“ఎవరో ఒకే సరుకుకు రెండుసార్లు కట్టారయ్యా.”

“లైను నెమ్మదిగా ఉందని మీట రెండుసార్లు నొక్కి ఉంటారు. పోనీండి.”

“పోనివ్వడమేమిటి? పేరు చెప్పు, తిరిగిచ్చేస్తాను. పొట్లం టాక్సీవాడొచ్చి పట్టుకుపోయాడు.”

“పేరుండదు మామయ్యా. అదే కదా దీని గొప్ప!”

“తిరిగివ్వడానికి వీల్లేకపోవడం ఒక గొప్పా? ఈ వయసులో నన్ను దొంగను చేశావు కదయ్యా!”

“పన్నెండు గిల్డర్లకు దొంగతనమేమిటి మామయ్యా?”

“పన్నెండున్నర,” అని ఫోను పెట్టేశాడు.

గురువారం బ్యాంకువాళ్లు చూడ్డానికి వస్తారు. అన్నీ సరిచూద్దామని ముందే వెళ్లాను. ట్రాము స్టాపులో జనం మామ కొట్టు వైపే చూస్తూ నవ్వుకుంటున్నారు. కొట్టు అద్దానికి లోపలినుంచి ఒక అట్ట అతికించి ఉంది. వీధి అవతలినుంచి కూడా కనపడేంత అక్షరాలు.

“మంగళవారం మొలల మందుకు రెండుసార్లు డబ్బు కట్టినవారు దయచేసి లోపలికి వచ్చి, ఎక్కువైనది తీసుకువెళ్లగలరు.”

“ఎవడొస్తాడు మామయ్యా? ఇంతమంది చూస్తుండగా ఎవడు ఈ గుమ్మం ఎక్కుతాడు?”

“నిజాయితీగా రాశాను. రావడానికేం?”

పొద్దుటినుంచి ఒక్కరూ రాలేదు. దగ్గు బిళ్లలకని వచ్చినవాళ్లు కూడా ఆ అట్ట చూసి అటునుంచి అటే పోతున్నారు. నేను దాన్ని పీకబోతుంటే బ్యాంకు కారు వచ్చి ఆగింది.

ముగ్గురు దిగారు. పెద్దాయన పేరు మాత్రం చెప్పను. మామ పోయి చాలా ఏళ్లయినా, చెబితే ఆయన ఊరుకోడని నా భయం. మామ అందరికీ కాఫీ ఇచ్చి, తలా ఒక బిస్కెట్టు పెట్టి డబ్బా మూత బిగించాడు. పెద్దాయన అట్ట వైపు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“చూశారా వీనింగ గారూ! పేరు తెలిసుంటే ఈ తిప్పలుండేవా? అదే మా కార్డయితే ఒక్క మీట నొక్కితే చాలు, పేరూ ఇల్లూ అన్నీ వచ్చేస్తాయి.”

మామ అవునంటాడేమోనని భయపడ్డాను.

“అంటే ఆయనకు మొలలున్నాయని మీ గుమాస్తాలకు తెలుస్తుంది,” అన్నాడు మామ.

“తెలిస్తే ఏమైంది? తప్పు చేయనివాడికి దాపరికమెందుకు?”

“తప్పు కాదయ్యా, మొలలు!” మామ బల్ల మీద చరిచాడు. “డబ్బు తిరిగిస్తానన్నాను గానీ, మనిషిని మీకు పట్టిస్తానన్నానా?”

రెండు రోజుల కిందట పేరు చెప్పమని నా ప్రాణం తీసిన మనిషి ఇంత చక్కగా ప్లేటు ఫిరాయించాడు. మా తరఫున అంత బాగా ఎవరూ మాట్లాడలేదు, కానీ బ్యాంకువాణ్ణి అలా కసరొచ్చా? మిగతా ఇద్దరూ మూతి ముడుచుకుని కారెక్కారు. నేను వెనక గదిలోకి పోయి తల పట్టుకున్నాను.

తెరిచిన తలుపులోంచి చూస్తే పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. బీరువాల వైపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఏదో అడిగాడు. మామ తల ఎత్తకుండా అదే మందు తీశాడు. పెద్దాయన పర్సులోంచి తన బ్యాంకు కార్డు సగం దాకా లాగి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ లోపలికి తోసేసి, కాగితం నోట్లిచ్చాడు. మామ పొట్లం చుట్టి, చిల్లర లెక్కగా ఇచ్చాడు.

ఆయన గుమ్మం దాటగానే కొట్టులోకి ఉరికాను.

“మామయ్యా, చూశారా! సొంత బ్యాంకు కార్డే దాచుకున్నాడు! ఈ ఒక్క ముక్క రేపు మీటింగులో చెబితే చాలు, సంతకం పెట్టక చస్తాడా?”

“ఏ ముక్క?”

“ఇప్పుడు కొన్నాడుగా!”

“ఎవరు కొన్నారు?” అన్నాడు మామ. “నా కొట్టులో ఎవరూ ఏమీ కొనలేదు. నోరెత్తావో, మళ్లీ ఈ గుమ్మం తొక్కకు.”

మర్నాడు మీటింగులో ఆ పెద్దాయన ఎదురుగా పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. పదిమంది జీతాలు నా నాలుక చివరనున్నాయి, నేను మాత్రం నోరు తెరవలేదు.

తరువాత ఆయన సంతకంతోనే ఉత్తరం వచ్చింది. సామాన్య ఖాతాదారులకు ఇంతటి గోప్యత అవసరమని తమ బ్యాంకు భావించడం లేదట. వసంతంలోగా మా ఆఫీసుకు తాళం పడింది.

ఆ ఉత్తరం తీసుకెళ్లి మామ ముందు గిరాటేశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా చదివాడు.

“రెండు పేజీలు రాశాడు,” అన్నాడు. “పాపం, కూర్చోగలుగుతున్నాడన్నమాట.”