బేస్‌మెంట్‌లో గునుగుపూలు

2023 సెప్టెంబర్ చివరి రోజులు. కెనడాలోని రెజైనా మున్సిపాలిటీలో నేను ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌ని. ఆ ఏడాది ఎటు చూసినా స్టూడెంట్లే. ఇద్దరు పట్టే గదిలో నలుగురు సర్దుకునేవారు, మాకు ఫిర్యాదులూ అలాగే పెరిగాయి.

ఇక్కడ ఇంట్లో నాలుగు గంజాయి మొక్కలు పెంచుకోవడం నేరం కాదు. బేస్‌మెంట్ నిండా పెంచితే మాత్రం దాన్ని గ్రో-ఆప్ అంటాం. మేం పోలీసులం కాదు. మా భయం మొక్కలతో కాదు, వాటి మీద వేలాడే లైట్లతో. వైరింగ్ వేడెక్కి ఇల్లు అంటుకుంటే లోపలివాళ్లు బయటపడటం కష్టం. కరెంటు వాడకం ఉన్నట్టుండి పెరగడం, కిటికీలకు నల్ల ప్లాస్టిక్, సందుల్లోంచి ఊదారంగు వెలుతురు, అదీ రోజూ సరిగ్గా పన్నెండు గంటలే. గంజాయి పూత పూయాలంటే మిగతా పన్నెండు గంటలూ చీకటి ఉండాలి మరి. ఆ వారం ఫోన్‌లో ఫిర్యాదు వచ్చిన ఒక ఇంట్లో ఈ గుర్తుల్లో ఒక్కటీ తక్కువ లేదు.

ముందురోజు నోటీసిచ్చి, ఫైర్ ఇన్‌స్పెక్టర్ లిండాతో కలిసి వెళ్లాను. తలుపు తీసిన అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, వెనకున్న స్నేహితురాలితో తెలుగులో అంది:

"గీ సారు మొఖం జూసినవానే? మొగులు పట్టినట్టున్నది."

"వాన పడదులేమ్మా, ముందు బేస్‌మెంట్ చూపించు," అన్నాను.

పాపం, ఆ పిల్ల నాలుక కరుచుకుంది. "సారీ అంకుల్! మీరు తెలుగోళ్లని తెల్వదు."

పేరు స్వప్న. జగిత్యాల నుంచి వచ్చి వ్యవసాయంలో పీజీ చేస్తోంది. కిందికి దిగాక చూస్తే బకెట్లలో వరసలుగా మొక్కలు. ఒకవైపు శనగగింజంత మొగ్గలతో బంతి. ఇంకోవైపు తెల్లగా, గులాబీగా అప్పుడే కుచ్చులు తొడుగుతున్న గునుగు.

"గంజాయి ఏదమ్మా?"

"గంజాయేంది అంకుల్! గివన్నీ బతుకమ్మకు. గునుక్కు చీకటి దొర్కకుంటె మొగ్గెయ్యదు. గీడ ఎండకాలం పొద్దు గూకనే గూకదు. బయట పెడ్తె దసరాకు ముందే మంచుకు మాడిపోతయ్. పోయినేడు కాయితప్పూలతోని పేర్చినం. గదేం బతుకమ్మ? పువ్వులనే గదా మనం మొక్కేది! ఈసారి కొత్తగొచ్చిన పిల్లలందరికి నిజం పువ్వులిస్తనని మాటిచ్చిన."

నాకు నవ్వాగలేదు. గోడ వైపు తిరగగానే ఆ నవ్వు ఆరిపోయింది. ఒక ఎక్స్‌టెన్షన్ కార్డుకి ఇంకొకటి, దానికి మరొకటి. మా భాషలో దీన్ని డైసీ చెయిన్ అంటాం. గోడలోని ప్లగ్గు కరిగి గోధుమరంగుకి తిరిగింది. ఒళ్లు మండింది నాకు.

"ఇల్లు తగలబడితే బతుకమ్మ ఎవరు ఆడతారమ్మా? ఇప్పుడే అన్నీ తీసెయ్యాలి."

"మూడు వారాలే అంకుల్. ఎలుతురు లేకుంటె మొగ్గలన్నీ రాలిపోతయ్."

"కుదరదు."

స్వప్న మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది. పువ్వుల కోసం ఇంత ఏడుపేమిటని లిండా నన్నడిగింది. మాది గుంటూరు వైపు, పైగా చర్చికి వెళ్లే కుటుంబం. బతుకమ్మ గురించి నేను చెప్పగలిగింది రెండు ముక్కలే. మిగతాది ఆ పిల్లే కళ్లు తుడుచుకుని చెప్పింది. లిండా అంతా విని, "అయితే వీటికి ఎండ తగిలే వెచ్చటి చోటు కావాలి, అంతేగా?" అంది.

బయటికొచ్చేసరికి పక్కింటి ముసలాయన హ్యారీ రాలిన ఆకు ఒక్కటీ లేని పచ్చికను ఊడుస్తున్నట్టు ఊరికే గీకుతున్నాడు. "ఎన్ని మొక్కలు దొరికాయి?" అన్నాడు ఉత్సాహంగా. మేం చెప్పకూడదు. ఇంతలో స్వప్న బంతి బకెట్ ఎత్తుకుని మా వెనకే వచ్చింది. దాన్ని చూసి ఆయన ముఖం కందగడ్డయింది.

"ఫోన్ చేసింది నేనేనమ్మా," అని ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నాడు. తన పెరటివైపు చెయ్యి చూపించి, "మా ఇంటి వెనక అద్దాల గది ఉంది. హీటర్ కూడా ఉంది. ఊరికే పడుంది," అన్నాడు.

బకెట్లు మొయ్యడం ఇన్‌స్పెక్టర్ పని కాదు. అయినా మోశాను. లిండా నాకంటే ఎక్కువే మోసింది.

అక్టోబర్‌లో స్కూలు జిమ్‌లో బతుకమ్మ ఆడారు. చిన్నపిల్ల నడుమంత ఎత్తున పేర్చిన పువ్వుల్ని మోసుకొచ్చింది ఎవరనుకున్నారు? టై కట్టుకున్న హ్యారీ. మా ఆవిడ నన్నూ ఆ వలయంలోకి లాగింది. నా చప్పట్లు ఒక్కటీ తాళానికి పడలేదు. అయినా అంత సంతోషంగా ఎప్పుడు గంతులేశానో నాకు గుర్తులేదు.

మరుసటి ఏడాది జూలైలో అదే వీధి నుంచి మళ్లీ ఫోన్‌లో ఫిర్యాదు. గొంతు హ్యారీదే. పక్కింటి బేస్‌మెంట్‌లో ఇంకా లైట్లు వెలగలేదట. ఇప్పుడు మొదలుపెట్టకపోతే దసరాకి గునుగు అందదట. ఆలస్యం చేస్తున్నది ఎవరో వెంటనే తేల్చాలట.

తేల్చడానికేముంది? స్వప్న ఈసారి బుద్ధిగా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో కొత్త వైరింగ్ వేయించింది. దాన్ని చూసి సరేనని సంతకం పెట్టాల్సింది నేనే. వేరే పనుల్లో పడి దాన్ని పక్కన పెట్టేశాను.

వద్దు అని చెప్పడం మా ఉద్యోగంలో సగం పనేనని ఆ కేసు నేర్పింది. మిగతా సగం, ఎలాగైతే కుదురుతుందో చూడటం. అదీ వేళకి చూడాలి, మొగ్గలు మనకోసం ఆగవు. కారు తాళాలు తీసుకుని పరిగెత్తాను.