ముడి లేని బొంత

నగరిలో పవర్‌లూమ్‌లు ఆడే సందుల్లో లోకేశ్వరి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. బొంతలామె ఇల్లని అడగండి, పాలపొట్లం తెస్తున్న చిన్నపిల్ల కూడా వేలు చూపిస్తుంది. ఆమె బొంత కుట్టడం మానేసి ఏళ్లయినా ఆ పేరు మాత్రం ఊడలేదు. పని పోయినా పేరు పోదు చూడండి, అదే పెద్ద దరిద్రం. "బొంతలామె బాగుండాదా?" అని వీధిలో ఎవరైనా మొగుణ్ణి పలకరించినప్పుడల్లా, లోపల మంచం మీదున్న లోకేశ్వరికి చచ్చిపోయిన మనిషిని గురించి అడుగుతున్నట్టుండేది.

ఆమెది కీళ్లవాతం. వయసు మీద పడితే వచ్చే మోకాళ్ల నొప్పి కాదు. కంచే చేను మేసినట్టు, ఒంటిని కాయాల్సినదే ఒంటిని తినే జబ్బు. తిరుపతిలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆ సంగతి ఓపిగ్గా విడమరిచి చెప్పింది. పూర్తిగా పోయేది కాదు, మాత్రలతో అదుపులో పెట్టుకోవాలి, మానేస్తే మిగతా కీళ్లు కూడా పోతాయి, ఇప్పటికే వంగిపోయిన వేళ్లు మాత్రం తిన్నబడవు. పుత్తూరు మీదుగా బస్సులో తిరిగి వస్తూ లోకేశ్వరి మొగుణ్ణి ఒకే మాట అడిగింది.

"పోని రోగానికి మందెందుకయ్యా?"

మునిశేఖర్ ఏం చెప్తాడు పాపం! మగ్గం మీద దారం తెగితే ముడెయ్యడం తెలిసిన మనిషి గానీ ఇలాంటి వాటికి జవాబు తెలిసిన మనిషి కాడు.

పొద్దున లేస్తే ఆమె వేళ్లు ముడుచుకోవు, తెరుచుకోవు. కాఫీ గ్లాసును రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని తాగేది. రవిక హుక్కులు మొగుడు పెట్టాల్సి వచ్చిన రోజున రవికలన్నీ మూటగట్టించి అటకెక్కించి, నైటీల్లోకి మారిపోయింది. జడ అల్లుకోవడం చేతగాక కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చింది. వీధిలో అందరూ మొక్కనుకున్నారు. ఏ మొక్కూ లేదు, దువ్వెన పట్టలేకపోవడమే.

ఆదివారం ఆదివారం వేసుకోవాల్సిన పసుప్పచ్చ మాత్రలు ఉండేవి. వేసుకుంటే మర్నాడంతా కడుపులో తిప్పడం, వాంతులు. మొగుడు చేతిలో పెట్టి నీళ్లకోసం అటు తిరగ్గానే మంచం పక్క గోడ బీటలోకి దోపేసేది. ఒకనాడు ఆ బీటలో చీమలమందు కొట్టబోయిన మునిశేఖర్ కాళ్ల మీద మాత్రలు జలజలా రాలాయి. ఉన్నవాడు ఉన్నట్టే పక్కింటికి పోయి, ఎస్తేరు వాకిట్లో నిలబడి ఏడ్చాడు.

ఎస్తేరు బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. అంత పెద్ద గుండిగలు దించే చెయ్యి, దానికి తగ్గ గొంతు. పిల్లల్లేని లోకేశ్వరికి ఎస్తేరు కూతురు అమలే పిల్ల. ఆ అమ్మాయి పుట్టినప్పుడు పడుకోబెట్టింది లోకేశ్వరి బొంత మీదే. ఇప్పుడు పెళ్లయి సూళ్లూరుపేటలో ఉంటోంది. మునిశేఖర్ ఏడుపు విన్న మర్నాడే ఎస్తేరు ఒక మూట చంకనేసుకుని దిగబడింది.

"అక్కా, అమలకు ఏడో నెల. బిడ్డకు బొంత గావాల."

"అంగట్లో రంగురంగులవి అమ్ముతా ఉండారు. పోయి కొనుక్కో."

"మా అమ్మ కట్టిన సీర అంగట్లో దొరుకుతాదా?" మూట విప్పింది. ఉతికి ఉతికి గాలిలా అయిపోయిన నూలుచీరలు.

లోకేశ్వరికి ఒళ్లు మండింది. రెండు చేతులూ ఎస్తేరు మొహం మీదికి చాచింది. "ఈటిని సూసి అడుగు! ఎక్కిరించేదానికొచ్చినావా నువ్వు?"

"ఎక్కిరించేదానికి పనిమానుకొని వస్తానా? సూదుల్లో దారం నేనెక్కిచ్చి పెడతా. నువ్వు కుట్టు. మెల్లిగా కుట్టు, ఎవురు తరుముతా ఉండారు?"

లోకేశ్వరి ఒక చీరను అరచేతుల మధ్య నొక్కి చూసింది. తర్వాత మొగుడికీ వినపడేలా చెప్పింది. "సరే. ఒక మాట. ఈ బొంత నా సేత్తో అయిపోయిందంటే నేనింకా మనిషినే అనుకుంటా, బతికినన్నాళ్లూ ఆ మాత్రలేసుకుంటా. కాలేదంటే మాత్ర పేరెత్తగూడదు మీరిద్దరూ. నన్ను నా దోవన పోనీయాల."

"మరి కుట్టినన్నాళ్లూ?" అంది ఎస్తేరు.

"కుట్టినన్నాళ్లూ ఏసుకుంటా."

"సరే."

"ఒట్టెయ్యి."

"మా కిరస్తానం వాళ్లకు ఒట్లుండవు అక్కా. సరేనంటే సరే."

బొంత అంటే నాలుగు చీరలు కుప్పేసి కుట్టేయడం అనుకునేవాళ్లకు దండం. మెత్తటి చీర కింద పరిచి, చిరుగులు పైపైన పడకుండా పొరలు వేసి, అన్నిటికన్నా మెత్తనిది పైన కప్పి, అంచునుంచి వరసలు వరసలుగా నడిమికి కుట్టుకు రావాలి. పసిబిడ్డ బొంతకు ఇంకొక నియమం, లోకేశ్వరికి వాళ్లమ్మ నేర్పింది. ముడి వేయకూడదు. దారం అయిపోతే కొసను వెనక్కి తిప్పి, కుట్టిన కుట్ల కిందుగానే దూర్చి తెంపాలి. గోరంత ముడయినా లేతచర్మానికి ముల్లే. అందుకే బొంత ఇచ్చేముందు కుట్టినామె దానిమీద చెంప ఆనించి, ఈ చివరనుంచి ఆ చివరిదాకా జరుపుకుంటూ చూడాలి. కళ్లకూ వేళ్లకూ అందనిది చెంపకు అందుతుందనేది వాళ్లమ్మ.

మొదటిరోజు లోకేశ్వరి ఒక వరస కూడా దాటలేదు. సూది పట్టు జారి నేలమీద పడితే వంగి తీయలేదు, పిలిచి తీయించుకోవడానికి మనసొప్పదు. చూపుడువేలూ బొటనవేలూ కలవవు కాబట్టి సూదిని పక్కవేళ్ల సందున ఇరికించి, తోలుముక్క అడ్డంపెట్టి అరచేతి మొదలుతో నెట్టింది. కుట్టు వంకరగా పోయింది. ఒకటి గోరంత, ఒకటి గుమ్మడికాయంత. సాయంత్రం ఎస్తేరు బొంత మడిచి చంకన పెట్టుకుంది.

"యాడికి తీసకపోతావు?"

"మీ ఇంట్లో ఎలకలుండాయి. కొరికినాయంటే ఎవురిది జవాబుదారీ? పొద్దన్నే తెస్తా."

మర్నాడు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే లోకేశ్వరికి ఆశ్చర్యం. నిన్న అంత వంకరగా ఉందనుకున్న వరస, ఇప్పుడు ఫరవాలేదు. నొప్పి కళ్లకు కూడా ఎక్కి లేని వంకర చూపించిందేమో అనుకుంది. రోజూ ఇదే వరస. సాయంత్రానికి ఏడుపు, పొద్దున చూస్తే ఊరట. తిట్టుకుంటూ కుట్టేది, కుడుతూ ఏడ్చేది, ఆదివారం మాత్ర మింగేది, సోమవారం బకెట్టు పక్కన పెట్టుకుని కూర్చుని మరీ కుట్టేది. బొంత నడిమికి వచ్చేసరికి ఆమె గొంతులో పాత అధికారం కూడా వచ్చింది.

"సెయ్యి తిరిగింది సూడయ్యా," అని ఒకరోజు మొగుడికి చూపించింది. "ఈ వరస నాదేనంటే నాకే నమ్మకం కుదరలా."

మునిశేఖర్ చూసి, "బాగుండాది" అని, మగ్గానికి టైమయిందంటూ చెప్పుల్లేకుండానే బయటికి పోయాడు. చెప్పులు మర్చిపోయే మనిషి కాడతను. ఆమెకు అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. ఆశ పడ్డవాళ్లకు కళ్లుంటాయా!

కాన్పుకని అమల పుట్టింటికి వచ్చింది. నిండు పొట్టతో ఆయాసపడుతూ వచ్చి లోకేశ్వరి మంచం పక్కన కూర్చుంది. ఎస్తేరు బొంత తెచ్చి ఒళ్లో పెట్టింది. నీలం, చిలకపచ్చ, నడిమిన అమ్మమ్మ కుంకుమరంగు చీర. ఎంత అందంగా ఉందో!

"బో బాగుండాది పెద్దమ్మా. అంతా నువ్వే కుట్టినావా?"

"ఉండు. ఇచ్చేముందు సూడాల గదా," అంది లోకేశ్వరి. ఎన్నో ఏళ్ల తర్వాత నవ్వుతూ అంది. అద్దాలు తీసి, బొంతమీదికి వంగి, చెంప ఆనించింది.

అంచు దగ్గరే గుచ్చుకుంది.

కొంచెం జరిగింది. మళ్లీ గుచ్చుకుంది. పొరల మధ్య, కంటికి కనపడకుండా దాచిన ముడి. తర్వాతి వరసలోనూ ముడి. ఆ తర్వాతిదాంట్లోనూ. జన్మలో ఆమె బొంతకు ముడి వేసి ఎరగదు. నడిమిదాకా జరిగింది. తన వరస ఒక్కటైనా, ఒక్కటంటే ఒక్కటైనా మిగిలిందా అని వెతికింది. లేదు. ఆమె కుట్టిందంతా ఎవరో విప్పేసి, ఆమె పాత బొంతల కుట్టు పొడవు చూసి, అలాగే మళ్లీ కుట్టారు. ఎవరోనా? రోజూ బొంత మడిచి చంకన పెట్టుకుని పోయిందెవరు?

ఆమె చెంప బొంతమీదే ఉండిపోయింది.

"పెద్దమ్మా, నువ్వే కుట్టినావా అంటే పలకవే?"

"నేనే," అంది లోకేశ్వరి. "నేను గాక ఇంకెవురు?"

అమల సంబరపడిపోయి బొంత చేతుల్లోకి తీసుకోబోతే, "ఇంకా రొంత పనుండాది, రేపిస్తా" అని ఆపింది. ఆ అమ్మాయి వెళ్లిందాకా ఓర్చుకుంది. తర్వాత విరుచుకుపడింది.

"ముడేసినావు గదే ఎస్తేరూ! యిప్పినావు, కుట్టినావు, ముడేసినావు! పిచ్చిదాన్ని మాదిరి నేను సెయ్యి తిరిగింది, సెయ్యి తిరిగింది అంటా ఉంటే ఇద్దురూ లోపల్లోపల నవ్వుకున్యారా?"

"ఎవురు నవ్వినారక్కా?" ఎస్తేరు గొంతు మొదటిసారి చిన్నదయింది. "వరస యిప్పినప్పుడల్లా నేనేడ్సినాను. నువ్వు కుట్టింది బిడ్డ కాలు దూరేంత సందులుండె. అట్లనే ఇడిస్తే ఓడిపోతివి. ఓడిపోతే సచ్చిపోతివి. ఏం జెయ్యమంటావు నన్ను?"

"సావనియ్యాల్సింది."

గుమ్మంలో నిలబడ్డ మునిశేఖర్ తలుపుకు తల ఆనించాడు. నవ్వులేదు, వెక్కిరింపు లేదు, అది లోకేశ్వరికీ తెలుసు. తెలిసినా ఏం లాభం? ఆమెకు కావాల్సింది ప్రేమ కాదప్పుడు, ఒక్క తిన్నని వరస. అది ఇక ఈ జన్మకు రాదు. చేతులు పోయాయని తెలిసిన రోజు ఒకసారి ఏడ్చింది. పోయిన చేతులు తిరిగొచ్చాయని నమ్మి, మళ్లీ పోగొట్టుకున్నామెకు ఏ ఏడుపు సరిపోతుంది? గోడవైపు తిరిగి పడుకుంది. పందెం ఓడిపోయింది కాబట్టి వచ్చిన ఆదివారం మాత్ర అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. మాటంటే మాటే.

ఆ వారంలోనే అమలకు ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజున గోడకవతల పసిదాని ఏడుపు వినపడింది. లోకేశ్వరి లేచి కూర్చుంది. మంచంమీదున్న బొంతను చూసింది. అన్ని ముళ్లతో దాన్ని ఎట్లా ఇస్తుంది? తీయాలంటే తన వేళ్లు కత్తెరలో దూరవు.

"ఎస్తేరూ!" అని గోడ అదిరేలా అరిచింది.

ఎస్తేరు తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"కూకో. ముడి తెంపు. కొస ఎనక్కి తిప్పు. అట్ల గాదు, కుట్టు కిందగా దూర్చు. ఇంతకాలం నా పక్కనే ఉండి ఇదొకటి నేర్సుకోలేదే!"

ఎస్తేరు వంచిన తల ఎత్తకుండా ఒక ముడి తీసి, దారం దూర్చింది. లోకేశ్వరి చూసి, ఫరవాలేదంది. అప్పుడు ఎస్తేరు కొంగుముడిలోంచి పసుప్పచ్చ మాత్రలు తీసి చేతిలో పట్టుకుంది. అడగలేదు. అడగనని మాటిచ్చింది మరి.

లోకేశ్వరి ఆ చేతివంక చూసింది. "బిడ్డకు గుచ్చుకోగూడదు," అంది. "ఈ ముడులన్నీ తీసేది నేను దగ్గరుండి సూడాల. అవన్నీ అయ్యేదాకా ఏసుకుంటా. ఆపైన నన్ను అడగొద్దండి."

"ఆపైన అడగము," అంది ఎస్తేరు. బొంత మడిచి పక్కన పెట్టింది. "ఈ పొద్దుకు ఇంతే అక్కా. సూపు ఆనలా. మళ్లా వస్తా."

పసిది మెత్తటి పాత చీరమీద పడుకుంది, బోర్లపడింది, ఇప్పుడు పాకుతోంది. బొంత ఇంకా లోకేశ్వరి మంచంమీదే ఉంది. గుండిగలు ఒంటిచేత్తో దించే ఎస్తేరు, కుట్టినప్పుడు బొంతంతా చకచకా కుట్టేసిన ఎస్తేరు, ఆదివారం చర్చినుంచి వచ్చి ఒకే ఒక ముడి తీసి, చూపు ఆనలేదని లేచిపోతుంది. ఒక్కోసారి తీసిందో, వేసిందో కూడా తెలియదు.

లోకేశ్వరికి చెంప ఉంది. ఆనిస్తే ఎన్ని మిగిలాయో క్షణంలో తెలిసిపోతుంది. మాత్ర మింగి, సోమవారానికి బకెట్టు దగ్గరికి జరుపుకుని, మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంటుంది. ఆ బొంతమీద ఆమె మళ్లీ చెంప ఆనించలేదు.