ఆమదాలవలస వర్తక మిత్రులకు, ఉచితంగా

కన్నతల్లి చెప్పిన మాటకన్నా, ఫోన్లో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు చెప్పిన మాటే వేదవాక్కనుకున్న రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నన్ను ఎదురుగా నిలబెట్టి రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. విశాఖపట్నంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డిజైన్లు చేసేదాన్ని. ఓనరుతో పడక (నిజం చెప్పాలంటే ఆయనకే నాతో పడక) పాత లాప్‌టాప్ ఒకటి చంకన పెట్టుకుని మా ఊరు ఆమదాలవలస వచ్చేశాను. "ఇంక ఒకరి కింద చెయ్యనమ్మా, నేను ఫ్రీలాన్సర్‌ని" అని ప్రకటించాను. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మా అమ్మ, అదేదో కొత్త జబ్బు పేరన్నట్టు నా మొహంలోకి చూసింది. "అంటే ఏటే? ఖాళీగా ఉన్నట్టా?" అంది.

అప్పటికే హైదరాబాదులో మా పిన్ని ఒక కంపెనీలో నాకు ఉద్యోగం మాట్లాడి పెట్టింది. అమ్మ తెగేసి చెప్పింది. "దసరా దాకా సూస్తాను. ఈ ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు నీ పేరు సెప్పి, నీ పనే కావాలని మన గుమ్మంలోకి వస్తే నాను మరి మాటాడను. రాకపోతే నోరు మూసుకుని రైలెక్కాల. సరేనా?" సరే అన్నాను. ఇంత ఊళ్ళో ఒక్కడు దొరకడా అని లోపల నవ్వుకున్నాను కూడా.

ఫోన్లో వీడియోలు పెట్టే ఆ గురువుగారు చెప్పిన ఉపాయం ఏమిటంటే, ప్రకటనలకి తగలేసే స్తోమత లేని మనలాంటివాళ్ళకి ఈమెయిలే దిక్కట. వారానికొక ఉత్తరం రాయాలి, ముందు ఉచితంగా ఏదైనా ఇవ్వాలి, నమ్మకం పెరిగాక పని వాళ్ళే ఇస్తారు. ఇన్ని చిరునామాల వరకూ ఊరికే పంపుకోనిచ్చే సైటు కూడా చూపించాడు. అంతే, ఎండలో పడి రైల్వే స్టేషన్ రోడ్డు మొదలుకొని ప్రతి దుకాణమూ ఎక్కి దిగాను. మా ఊళ్ళో వర్తకులందరి విజిటింగ్ కార్డుల మీదా మెయిల్ ఐడీ ఉంటుంది, అది మర్యాద. అనుమతి లేకుండా పంపకూడదని గురువుగారు గట్టిగా చెప్పాడు కాబట్టి ఒక్కొక్కరినీ అడిగాను. "పంపుకోవమ్మా, దానికేటి!" అని అందరూ చేతులు ఊపేశారు. ఇంత దయగల ఊరిని వదిలి హైదరాబాదు వెళ్ళమంటుందేమిటి మా అమ్మ అని కోపం కూడా వచ్చింది.

మొదటి ఉత్తరం 'ఆమదాలవలస వర్తక మిత్రులకు' అని మొదలుపెట్టాను. శ్రావణమాసం ఆఫర్ల కోసం ఒక ఫ్లెక్సీ డిజైన్ జతచేసి, 'ఉచితం, నిస్సంకోచంగా వాడుకోండి' అని రాసి, డిజైన్ అడుగున నా పేరూ ఫోన్ నంబరూ పెట్టాను. అమ్మ పైకి కస్సుమన్నా, చర్చిలో స్త్రీల కూటంలో "మా అమ్మాయి పంపిన మెయిళ్ళు అందరూ తెరిసేలాగ సెయ్యి ప్రభువా" అని ప్రార్థన పెట్టించింది. ఎవరెప్పుడు తెరిచిందీ ఆ సైటే చూపిస్తుంది. మర్నాడు చూద్దును కదా, అందరూ తెరిచారు! ఒక్కరు కూడా మిగల్లేదు. ఆ తర్వాత ప్రతి వారమూ అంతే. పొద్దున్న తొమ్మిదిన్నర కాగానే, అక్షరక్రమంలో, ఒకరి తర్వాత ఒకరు తెరిచేవారు. ఎంత క్రమశిక్షణ! షట్టరెత్తి, దేవుడికి దండం పెట్టుకుని, ముందు నా ఉత్తరమే చదువుతున్నారని మురిసిపోయాను. (అక్షరక్రమంలో ఎందుకు చదువుతారే మొద్దూ అని అడిగేవాళ్ళు పక్కన లేకపోయారు.)

అందరూ చదువుతున్నారు, ఒక్కడూ ఫోను చెయ్యడు. నమ్మకం ఇంకా పెరగాలి కాబోలని మరిన్ని డిజైన్లు ఇచ్చాను. వినాయకచవితికి ఒకటి, గురుపూజోత్సవానికి పుస్తకాల షాపులకి ఒకటి, పెళ్ళిళ్ళ బట్టలకి ఒకటి. కళ్ళు మంటలెత్తేదాకా కూర్చుని గీసేదాన్ని. దసరాకి ఇంక మూడు వారాలుందనగా, కూరగాయలకని బజారుకి వెళ్ళి మిఠాయి కొట్టు ముందు కొయ్యబారిపోయాను. నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో పళ్ళెం నాది, ముగ్గు అంచు నాది, అక్షరాలు నావి. నా పేరు ఉండాల్సిన చోట మాత్రం ఓనరుగారి మనవడు చెంచా నోట్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. తలతిప్పి చూశాను. ఎదుటి చెప్పుల షాపుకీ నాదే. పక్కన ఫ్యాన్సీ షాపుకీ నాదే. సగం బజారు నా చేతి పనితో కళకళలాడుతోంది, అది నాదని ఒక్కడికీ తెలీదు!

"ఇది ఎవరు చేశారు బావూ?" అని మిఠాయి కొట్టాయన్ని అడిగాను. 

"మన నెట్టు మావ సేసిచ్చేడమ్మా. ఎంత పనిమంతుడో! నువ్వూ ఇలాటివి సేస్తావంట కదా, ఆడి కాడ నేర్సుకోకపోయావా?"

"నేను పంపిన మెయిళ్ళు మీకు రాలేదా?"

"మెయిలా? అదేటో నాకు తెల్దమ్మా. లైసెన్సు కాయితాలప్పుడు నెట్టు మావే పెట్టేడు. ఆడి కాడే ఉంటాది."

నెట్టు మావంటే స్టేషన్ దగ్గర నెట్ సెంటర్ నడిపే పెద్దమనిషి. ఊళ్ళో పిల్లల పరీక్ష ఫారాల దగ్గర్నుంచి పెద్దవాళ్ళ పింఛను దాకా ఆయన చెయ్యి పడాల్సిందే. నేను కూరల సంచీతోనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఏమాత్రం తొట్రుపడలేదు సరికదా, స్టూలు జరిపి "రా కోడలా, కూకో" అన్నాడు. సొరుగులోంచి లావుపాటి రిజిస్టరు తీసి చూపించాడు. ఊళ్ళో వర్తకులందరి మెయిళ్ళూ అందులో వరసగా రాసి ఉన్నాయి. అన్నింటికీ ఒకటే పాస్‌వర్డు.

"టాక్సువోళ్ళ నోటీసులొస్తాయని రోజూ పొద్దున్నే అన్నీ తెరుస్తాను. తెరిస్తే ఏటుంటాది? నీ ఉత్తరమే. ఇంతమంది తరఫునా అదే ఉత్తరం సదివి సదివి నాకు నోటికొచ్చీసింది కోడలా! ఉచితం, వాడుకోమన్నావు. వాడుకున్నాను. తప్పేటి?"

"మరి నా పేరు ఎందుకు తీసేశారు మావా?"

"ఉంచితే ఆళ్ళ ఫొటో ఎక్కడ పెడతాను?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

నాకు తిట్లు రాక కాదు. మా వీధిలో పుట్టినదానికి తిట్లు రాకపోవడమా! కానీ కూరల సంచీ చెయ్యి మార్చుకుని బయటికి నడిచాను. తప్పంతా ఆయనదేనని అరవాలని ఉంది. 'నిస్సంకోచంగా' అని రాసింది మాత్రం నేనే. ఏడుపొచ్చింది, సిగ్గొచ్చింది. ఇంటికెళ్ళి అమ్మకి జరిగింది చెప్తే, దెప్పుతుందనుకున్నది కాస్తా కంచంలో అన్నం పెట్టి పక్కన కూర్చుంది. ఆ రోజు దెప్పినా బాగుండేది. గుమ్మంలోకి ఒక్కడూ రాలేదు. ఇంక దసరా దాకా ఆగేదేముందని పిన్నికి ఫోను చేశాం.

రైలెక్కే ముందు పౌరుషానికి పోయి ఆఖరి ఉత్తరం పంపాను. 'ఇదే చివరిది, ఇకమీదట డిజైన్లు రావు' అని రెండే లైన్లు. పొద్దున్న తొమ్మిదిన్నరకి అందరూ తెరిచారు, అక్షరక్రమంలోనే. కాసేపటికి మిఠాయి కొట్టు మెయిల్ నుంచి జవాబొచ్చింది. అన్నాళ్ళలో నాకొచ్చిన ఒకే ఒక్క జవాబు అది. 'కోడలా, దసరాది కూడా పంపీసి ఆపు. అందరూ అడుగుతన్నారు.'

అది చదివి లాప్‌టాప్ మూసేశాను, తిట్టుకున్నాను, మళ్ళీ తెరిచాను. ఇప్పుడు హైదరాబాదులో కంపెనీ తరఫున ఊరూ పేరూ తెలియని జనానికి మెయిళ్ళు పంపడమే నా ఉద్యోగం. వాటిని తెరిచే నాథుడు ఉండడు, నోటికొచ్చేదాకా చదివేవాడు అసలే ఉండడు. అందుకేనేమో అప్పటి ఆ పిచ్చిపిల్ల మీద కోపం పోయి నవ్వొస్తుంది ఒక్కోసారి. ఎందుకంటే ఆ దసరా డిజైన్ పంపాను. బట్టలు సర్దుకోవడం మానేసి ఒక పూటంతా కూర్చుని, అంతకుముందు ఎప్పుడూ చెయ్యనంత బాగా చేశాను. అడుగున నా పేరు వెయ్యలేదు. అక్కడ ఫొటో పెట్టుకోవడానికి చోటు వదిలాను.