నీలం నీరు కాని గ్రహం

ఈ సంగతి వ్రాసి ఉంచవలసిన అవసరం ఎందుకు కలిగిందో ముందుగా చెప్పడం న్యాయం. మొన్న ఉదయం దినపత్రికలో మన జిల్లాల ఎండ తీవ్రతను రంగులలో చూపే పటమొకటి వేశారు. నాతో పనిచేసి నాతోపాటే ఉద్యోగ విరమణ చేసిన మిత్రులొకరు దానిని చూచి, శ్రీకాకుళం ఎర్రగా ఉంది కనుక ఇక్కడే ఎక్కువ ప్రమాదమని క్షణంలో తేల్చివేశారు. ఏ రంగు దేనికి గుర్తో చెప్పే సూచిక మూలన చిన్న అక్షరాలలో ఉంటే, అది చదివేవరకు నేను ఔననలేదు. ఆయన దానిని ముసలి చాదస్తమన్నారు. ఆ చాదస్తానికి కారణమైన నా తమ్ముణ్ణి గురించి బంధువులలో ఈనాటికీ నిలిచి ఉన్న మాట ఒక్కటే: చివరి రోజులు కంప్యూటరు ఆటలతో పాడుచేసుకున్నాడని. ఆ మాట సరికాదు.

నేను భూగోళశాస్త్రం బోధించినవాణ్ణి. నాకంటె చాలా చిన్నవాడైన మా తమ్ముడు కోటబొమ్మాళి స్టేషను దగ్గర ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడు. రెండువేల పది దాటిన కొన్నేళ్లకు, మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో చొరబడిన ఆ మూత్రపిండాల వ్యాధి వానికీ వచ్చింది. సెంటరు అమ్మివేసి, ఒక్క కంప్యూటరు మాత్రం ఒడిలో పెట్టుకొని, ఆస్పత్రికి దగ్గరని శ్రీకాకుళంలోని మా ఇంటికి చేరాడు. రోజు విడిచి రోజు డయాలసిస్. నీళ్లు కొలిచి ఇవ్వాలి. గొంతు మరీ ఎండినప్పుడు నా భార్య మంచుముక్క ఒకటి వాని నోట పెట్టేది; అది కరిగేంతసేపు కళ్లు మూసుకొని కూర్చునేవాడు. తక్కిన వేళలలో అంతరిక్ష నౌకను నడిపే ఆట ఆడేవాడు. క్రమశిక్షణలో పెరిగిన నాకు ఆ ఆటంటే ఏవగింపు. అయినా తన చూపు మసకబారిన తరువాత ఒకనాడు వాడు నన్నే పిలిచాడు.

"అన్నియ్యా, ఇలా కూకో. ఈ మేప్‌ల ఏ రంగు ఎక్కడున్నాదో సెప్పు. బళ్లో పిల్లల్ని నిలబెట్టి అడిగేవోడివి గదా, ఇప్పుడు నానడుగుతాను, నువ్వు సెప్పాల."

నౌక ఏదైనా గ్రహాన్ని చుట్టి వచ్చినప్పుడు దాని ఉపరితలాన్ని శోధించి రంగుల పటం గీసి చూపేది. మొదట నేను చూచినవి ఎత్తుపల్లాల పటాలు. నీలం సముద్రం, ఆకుపచ్చ మైదానం, గోధుమరంగు కొండలు, అచ్చంగా మన బడి అట్లాసు. నేను దిక్కులతో సహా వర్ణించేవాణ్ణి, వాడు నౌకను నేర్పుగా దించేవాడు. ముప్పైయేళ్లు గోడకు వ్రేలాడిన పటాన్ని బెత్తంతో చూపించిన నాకు, ఎవరూ అడుగుపెట్టని నేలను మొదటిసారి చదువుతున్న ఆనందం కలిగిందంటే నవ్వకండి.

వాడు ఆస్పత్రికి వెళ్లనని మొరాయించిన ఉదయాన్నే ఆ నౌక కూడా ఒక మారుమూల గ్రహం మీద ఇంధనం అడుగంటి చిక్కుపడింది. అంతకుముందు డయాలసిస్ వంతు కూడా తప్పించాడు. పాదాలు ఉబ్బి, రెండు మాటలకొకసారి ఊపిరి అందక ఆగేవాడు. ఆ ఆటలో నౌక పోతే నెలల ప్రయాణమంతా పోయినట్లే. ఖనిజం త్రవ్వి ఇంధనం చేసుకోవాలి.

"ఈ ఓడ లెగిస్తే నాను ఆస్పత్రికొస్తాను. లెగకపోతే ఇంక నన్నడక్కండి" అన్నాడు.

నా భార్య చేతిలోని గిన్నె దించి, "ఏటి మరిదీ, నీ పేణం తీసికెల్లి ఆ గాజుపెట్టెల ఓడకి కట్టేస్తావా?" అంది.

"ఒల్లకో, ఊరుకో వొదినా. అక్కడ సూది గుచ్చి మంచానికి కట్టేస్తారు, ఇదే నయం."

వాడు మీట నొక్కగా కొత్త పటం వచ్చింది. నడుమ విశాలమైన నీలం, దాని అంచున ఆకుపచ్చ. నీటి ఒడ్డున మైదానముందని నేను తడుముకోకుండా చెప్పాను. "నీలం కాడికే పోదాం అన్నియ్యా, ఇంటేనే గొంతు తడైనట్టుంతాది" అన్నాడు. అక్కడికి ఎగిరి దిగాము. త్రవ్వితే ఏమీ రాలేదు. అప్పుడు కళ్లద్దాలు తుడుచుకొని మూలనున్న సూచిక చదివాను. అది ఎత్తుపల్లాల పటం కాదు, ఖనిజాల పటం. ఎరుపంటే పుష్కలం, పసుపంటే కొంత, నీలమంటే శూన్యం. అట్లాసు నమ్మినవాడు తప్ప మరెవరూ చేయని పొరపాటు అది.

మరొక్కసారి ఎగిరి దిగడానికి మాత్రమే ఇంధనం మిగిలింది. నేను ట్రేసింగ్ కాగితం తెచ్చి, తెరకు ఆనించి, ఎర్రని మచ్చ అంచును పెన్సిలుతో గీసి, మునుపటి ఎత్తుపల్లాల పటం తెరమీదికి తెప్పించి, కాగితాన్ని దాని మీద కప్పి చూచాను. ఎర్రనిదంతా నిటారైన కొండవాలు మీద పడింది. అంచున, ఎరుపుకూ పసుపుకూ నడిమిదైన నారింజరంగు తునక మాత్రం మైదానాన్ని తాకింది.

"కొండైతే ఏటి, ఎర్రకాడే దింపేద్దాం" అన్నాడు వాడు. నేను ఒప్పుకోలేదు. వాలు మీద నౌక నిలవదని వాదించి మైదానంలో దింపించాను. ఖనిజం వచ్చింది, ఇంధనపు గీత పెరిగింది, సగం దాటి నిలిచిపోయింది. అంతకుమించి రాలేదు. వాడు యంత్రం రాజేశాడు. నౌక లేచి, కొంత దూరం పోయి, ఒరిగి, కూలింది.

మా తండ్రి చితి ముందు కన్నీరు పెట్టని నేను ఆ తెర ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. ఆపుకోవడం నా వల్ల కాలేదు. వాడు మసక కళ్లతో నా వంక తిరిగాడు.

"ఏటి మాస్టారూ, ఒక్క మేప్ తప్పితే ఇంత ఏడుపా? నీ కాడ నాను లెక్కలేనన్నిసార్లు ఫెయిలయ్యి తన్నులు తిన్నాను, ఏనాడన్నా ఏడిసానా? లెగు, మొకం కడుక్కో. వొదినా, ఆటో పిలు. ఈయన్నిలా సూడ్లేను, ఆస్పత్రికే ఎల్దాం."

ఆనాడు వెళ్లాడు. నరాలు సూదిని సహించినంత కాలం తరువాత కూడా వెళ్లాడు. మరుసటి ఏడు వానలు పడకముందే పోయాడు.

ఇప్పటి ఆటలలో ఎక్కడ దిగాలో బాణపు గుర్తు వేసి ఆటే చూపిస్తుందట. ముందే ఎవరో చదివి పెట్టిన పటాలే మన చేతికి వస్తున్నాయి. పక్కన కూర్చోబెట్టుకొని ఏ రంగు ఎక్కడుందో చెప్పమని అడిగేవారు లేరు. మంచిదే కావచ్చు. ఆ నారింజ తునక అసలు నారింజ కాదు, పసుపేనని నా భార్య అంటుంది. నా కళ్లను నేను నమ్మలేను. ఆ ఆట ఎరిగిన పాఠకులెవరైనా ఉంటే మొహమాటపడక నా తప్పులు దిద్దండి. సూచికను నేను సరిగా చెప్పానో లేదో చెప్పండి. అంతకంటె ముఖ్యంగా, నౌక ఆ ఎర్రని వాలు మీద నిలిచేదా, వాడు చెప్పిన చోటనే దిగనివ్వవలసిందా, ఆ ఒక్కటి తెలియజేయండి.